ఏప్రిల్ పాకం

ఏప్రిల్ మొదటి వారంలో వెర్మాంట్ కొండలు చూడ్డానికి బుర్ర ఉన్నవాళ్ళెవరూ రారు. ఆకులు ఎర్రబారే అక్టోబరులో వస్తారు, మంచు మీద జారడానికి జనవరిలో వస్తారు. ఏప్రిల్‌లో ఇక్కడ ఉండేది బురద. సగం కరిగిన మంచు, దాని కింద సగం కరిగిన నేల, పైన ఏ రంగూ తేల్చుకోలేని ఆకాశం. ఊళ్ళోవాళ్ళే పనుంటే తప్ప బండి బయటికి తీయరు. అలాంటి శుక్రవారం పూట డీలియా తన గదిలో ఉండే లెన్సాని "మా ఊరు బొమ్మ గీసినట్టుంటుంది, రెండు రోజులు రావే" అని ఊరించి కారెక్కించుకుని వచ్చింది.

లెన్సా ఇథియోపియాలోని జిమ్మా నుంచి ఒక్క సెమిస్టరు చదవడానికి వచ్చిన పిల్ల. జనవరిలో దిగిన దగ్గర్నుంచీ హాస్టలు, లైబ్రరీ, గడ్డకట్టిన సరస్సు తప్ప ఇంకేమీ చూడలేదు. ఇంటికి పంపడానికి నాలుగు ఫొటోలు కావాలి. వాళ్ళమ్మ అడిగి అడిగి విసిగిపోయి, నువ్వసలు అమెరికాలోనే ఉన్నావా అని కూడా అనేసింది. అందుకని దారి పొడవునా ఫోను చేత్తో పట్టుకునే కూచుంది. తారురోడ్డు దిగి మట్టిరోడ్డు ఎక్కిన అరమైలు లోపే కారు చక్రాలు సగానికి దిగబడిపోయాయి.

డీలియా ఏమీ కంగారు పడలేదు. ఇంజను ఆపి, సీటు వెనక్కి వాల్చి, వాళ్ళ నాన్నకి ఫోను చేసింది. పావుగంటకల్లా రోలాండ్ ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి, భారీ విగ్రహం, గడ్డం నిండా రంపపు పొట్టు. కూతుర్ని పలకరించకుండానే కారు కిందికి వంగి గొలుసు తగిలిస్తూ, "ఏప్రిల్‌లో చిన్న కారేసుకొచ్చేవాళ్ళని ఇక్కడ ఏమంటారో తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు. నీ కూతురంటారు," అంది డీలియా.

రోలాండ్ మొహం కారు కిందే దాచుకుని నవ్వాడు. లెన్సాకి ఆ మనిషి అప్పుడే నచ్చేశాడు.

ట్రాక్టరు వెనకాల కారు ఊగుతూ పోతుంటే డీలియా అసలు సంగతి చెప్పింది. స్నేహితుల్ని తీసుకురమ్మని అడుగుతున్నది వాళ్ళ తాతేనట. మార్చిలో మేపుల్ చెట్ల నుంచి పాకం కాచే తీపి నీళ్ళు దిగడం మొదలైన దగ్గర్నుంచీ వారం వారం ఇదే గోలట. ఇదివరకు ఇద్దరు వచ్చి వెళ్ళారు, లెన్సా మూడోది. తాతకి ఎప్పుడూ ఒక కొత్త మొహం కావాలి, పాకం రుచి చూపించి ఆ మొహం వంకే చూస్తూ కూచుంటాడు, ఆయన సరదా అది అని తేలిగ్గా నవ్వేసింది.

*

శనివారం పొద్దున డీలియా వాళ్ళమ్మ సిమోన్ మందంగా అట్లు పోసి, వాటి మీద సీసాలోంచి పాకం ధారగా వంచింది. మార్చి రెండో వారంలో కాచింది, తేనె కంటే లేత రంగు. లెన్సా హాస్టల్లో చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బీల్లో వచ్చేదే పాకమనుకుంటూ వచ్చింది. ఇది నాలుక మీద పడగానే తలెత్తి సిమోన్ వంక చూసింది. తీపి వెనక ఇంకేదో ఉంది, వెన్నలాగానూ వేయించిన గింజలాగానూ ఉండి, ఇదీ అని పేరు పెట్టేలోపే జారిపోతోంది. వద్దు వద్దంటూనే నాలుగట్లు తింది. కాఫీ తోటల మధ్య పుట్టిన పిల్ల, ముక్కూ నాలుకా రెండూ చురుకే.

పాకం షెడ్డు ఇంటి వెనక వాలులో ఉంది. కప్పు నడిమి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, వాటిలోంచి ఆవిరి తెల్లగా ఎగజిమ్ముతోంది. లోపల షెడ్డంతా ఒకటే పెనం. మనిషి పొడవుకి రెండింతలుంటుంది, అడ్డగోడలతో అరలు అరలుగా విడదీసి ఉంటుంది. కింద పొయ్యి. కొండ మీద చెట్ల నుంచి సన్నటి నీలం గొట్టాల్లో దిగివచ్చే నీళ్ళు ఒక చివర పడి, అరలన్నీ తిరిగి, మరిగి మరిగి రెండో చివరకొచ్చేసరికి పాకమవుతాయి. ఆ రెండో చివర దగ్గర డీలియా తాత ఆర్మాండ్ నిలబడి ఉన్నాడు. ఎనభై ఒక్కేళ్ళు. బక్కపల్చటి మనిషి, ఊలు చొక్కా, భుజాల మీంచి ప్యాంటు పట్టీలు. లెన్సా వంక ఒకసారి చూసి, చలేస్తోందా అని అడిగాడు. లేదండి అంది. అయితే కట్టెలెయ్యి అని తోలు చేతొడుగులు ఆమె మీదికి విసిరాడు. ఆ ఇంట్లో స్వాగతం పలకడమంటే అదేనని డీలియా తర్వాత చెప్పింది.

కట్టెలు వెయ్యడం అంత తేలిక పనేమీ కాదు. ఏడెనిమిది నిమిషాలకోసారి పొయ్యి తలుపు తీయాలి, నాలుగు దుంగలు అడ్డంగా నాలుగు నిలువుగా పేర్చాలి, లోపలి వేడి చల్లారకముందే తలుపు మూసెయ్యాలి. ఎప్పుడు తీయాలో ఆర్మాండ్ గడియారం చూడకుండానే చెప్పేవాడు. పెనం చప్పుడు వింటే తెలుస్తుందట. నురగ అంచుల దాకా లేచినప్పుడల్లా పుల్ల చివర ఇంత వెన్న అంటించి నురగకి తాకించేవాడు. అంత నురగా చెప్పినట్టు విని కిందికి దిగిపోయేది. లెన్సా రెండోసారి అది చూసినప్పుడు తనకి తెలియకుండానే నవ్వింది. ఆయన పుల్ల ఆమె చేతిలో పెట్టి, మూడోసారి ఆమె చేతే చేయించాడు.

మధ్యాహ్నం కాస్త ఎండ వచ్చింది. డీలియా ఆమెని బయటికి లాక్కెళ్ళి కొండ చూపించింది. కొమ్మల చివర్లు లేత ఎరుపులోకి తిరుగుతున్నాయి. అవే మొగ్గలు, చెట్టు మొగ్గ తొడిగిందంటే నీళ్ళు మారిపోతాయి, ఇక ఎంత కాచినా ఆ పాకం నోట పెట్టలేం అంది. మరి ఆపెయ్యాల్సిన రోజు ఎలా తెలుస్తుంది అని లెన్సా అడిగింది.

"ఆవిరి వాసన మారుతుంది. అది పట్టుకోవడం మా తాత పని. ఈ చుట్టుపక్కల వాళ్ళంతా ఫోన్లు చేసి అడిగేవాళ్ళు తెలుసా, ఆపమంటారా అని."

"ఇప్పుడడగరా?"

డీలియా బూటుకంటుకున్న బురద రాయికేసి గీస్తూ, ఈమధ్య ఎవరి పాటికి వాళ్ళే ఆపేసుకుంటున్నారులే అంది.

లోపలికి వచ్చేసరికి ఆర్మాండ్ తెడ్డు ముంచి ఎత్తి చూస్తున్నాడు. పాకం చుక్కలుగా కాకుండా అంచు పొడుగునా పరదాలాగా వేలాడింది. వెంటనే కుళాయి తిప్పి, వేడి వేడి పాకాన్ని ఉన్ని గుడ్డలోంచి పాల క్యానులోకి వడగట్టాడు. ఒక రేకు పళ్ళెంలో శుభ్రమైన మంచు నొక్కి నింపి, దాని మీద గరిటెడు పాకం తీగలు తీగలుగా పోశాడు. పడ్డది పడ్డట్టే జీడిలా బిగుసుకుంది. ఫోర్కుకి చుట్టి తినాలి. మొహం మొత్తకుండా మధ్య మధ్యలో పుల్లటి ఊరదోసకాయ కొరుక్కోవాలి, సిమోన్ పంపిన డోనట్ నంజుకోవాలి. మొదటి ముద్ద అతిథిదే. అది ఆ షెడ్డులో ఆర్మాండ్ వాళ్ళ నాన్న నాటి నుంచీ ఉన్న పద్ధతి.

లెన్సా ఫోర్కుకి చుట్టి నోట్లో పెట్టుకుంది. మొదట తీపే తగిలింది. మింగుతుండగా వెనక నుంచి ఒక ముక్కిపోయిన వాసన వచ్చి గొంతులో కూచుంది. పొద్దున అట్ల మీద తిన్నదానికీ దీనికీ సంబంధమే లేదు. తలెత్తి చూస్తే ఆర్మాండ్ తను తినడం లేదు, గరిటె అలాగే పట్టుకుని కళ్ళార్పకుండా ఆమె మొహమే చూస్తున్నాడు.

ఎవరింటికైనా వెళ్ళి వాళ్ళు పెట్టింది బాగాలేదనడం లెన్సా పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ చెయ్యలేదు. వాళ్ళ ఊళ్ళో అలా అన్నవాళ్ళని చూడనూ లేదు. చాలా బాగుందండీ అంది. ఇంకో ముద్ద కూడా తింది. ఆయన నెమ్మదిగా తలూపి పెనం వైపు తిరిగిపోయాడు.

కాసేపటికి రోలాండ్ వచ్చాడు. క్యానులో చెంచా ముంచి, ఊది, నోట్లో పెట్టుకుని, బాగుంది నాన్నా అన్నాడు. పని ఉన్నవాడిలా వెంటనే బయటికి వెళ్ళాడు. కట్టెల కోసం షెడ్డు వెనక్కి వెళ్ళిన లెన్సాకి అతను గోడవారన వంగి ఉమ్మేస్తూ, పిడికెడు మంచు తీసుకుని నాలుక తోముకుంటూ కనిపించాడు. ఇద్దరి కళ్ళూ కలిశాయి. రోలాండ్ వంగి ఆమె మోయాల్సిన కట్టెలు కూడా తనే ఎత్తుకున్నాడు.

*

ఉత్త చేతులతో ఒకరింటికి వెళ్ళకూడదని లెన్సా జిమ్మా నుంచి తెచ్చుకున్న పచ్చి కాఫీ గింజల్లో సగం సంచిలో వేసుకుని వచ్చింది. సాయంత్రం భోజనాల ముందు సిమోన్‌ని ఇనప మూకుడు అడిగి స్టవ్వు దగ్గర నిలబడింది. తమ వైపు కాఫీ అంటే ఎలా చేస్తారో అందరికీ వివరించింది. గింజలు వేయించి, పొగలు కక్కుతున్న మూకుడు మనిషి మనిషి దగ్గరికీ పట్టుకెళ్ళి చూపించాలి. వాళ్ళు చేత్తో పొగ తమ వైపుకి లాక్కుని వాసన చూసి మెచ్చుకోవాలి. పెద్దవాళ్ళకి ముందు. ఆ తర్వాతే దంచడం, కాచడం.

కరెంటు స్టవ్వు ఆమెకి కొత్త. మంట కనిపించదు, ఎంత వేడి ఉందో తెలియదు. డీలియా పక్కన నిలబడి, శుక్రవారం కారు దిగబడినప్పుడు లెన్సా మొహం ఎలా ఉందో వాళ్ళమ్మకి నటించి చూపిస్తోంది. ముగ్గురూ నవ్వుల్లో పడ్డారు. కమురు కంపు ముక్కుకి తగిలేసరికి గింజలు బొగ్గులైపోయాయి. డీలియా ముక్కు మూసుకుంది, సిమోన్ కిటికీ తెరిచింది. లెన్సాకి ఏడుపు ఒక్కటే తక్కువ. అంత దూరం మోసుకొచ్చిన గింజలు.

పక్కగదిలోంచి ఆర్మాండ్ పిలిచాడు. పెద్దవాళ్ళకి ముందు చూపిస్తారని చెప్పి, తన దగ్గరికి తేలేదేమని అడిగాడు. మాడ్చేశానని చెప్పి క్షమించమందామని లెన్సా మూకుడుతోనే వెళ్ళింది. నోరు తెరిచేలోపే ఆయన కుర్చీలో ముందుకి వంగి, రెండు అరచేతులతో పొగని మొహం మీదికి లాక్కుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఆహా. ఎంత కమ్మటి వాసనమ్మా. మీ ఊరు ఎలా ఉంటుందో ఇక్కడ కూచునే తెలిసిపోయింది."

వంటింట్లో నవ్వులు టక్కున ఆగిపోయాయి. గుమ్మం దగ్గర బెంచీ మీద కూచున్న రోలాండ్, అప్పటికే విప్పేసిన బూట్లు చేతిలోకి తీసుకుని మళ్ళీ లేసులు విప్పడం మొదలెట్టాడు. లెన్సా వెనక్కి తిరిగి చూసింది. సిమోన్ ఆమె వంక చూసి తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దు అన్నట్టు. లెన్సా మూకుడు వంక చూసి, ఆ ముసలాయన మూసుకున్న కళ్ళ వంక చూసి, మీకు నచ్చినందుకు సంతోషమండి అంది. ఆ రాత్రి అన్నాల దగ్గర అందరూ అవసరం లేని కబుర్లు చాలా చెప్పుకున్నారు.

*

ఆదివారం తెల్లవారుతూనే మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే లోయ నిండా పొగమంచు పరుచుకుని, దాని పైన కొండలు ఒకదాని వెనక ఒకటి లేత గులాబీ రంగులో తేలుతున్నాయి. డీలియా అబద్ధం చెప్పలేదు, నిజంగా బొమ్మ గీసినట్టే ఉంది. లెన్సా బూట్లు వేసుకుని, ఫోను పట్టుకుని, ఎవరినీ లేపకుండా బయటికి నడిచింది. మంచి చోటు వెతుక్కుంటూ పశువుల కొట్టం వెనక్కి వెళ్ళేసరికి రోలాండ్ కనిపించాడు.

నిన్నటి పాల క్యాను పక్కకి వంచి మంచులోకి ఒంపుతున్నాడు. మంచు గోధుమరంగుగా కుంగిపోతోంది. అలాంటి గుంటలు పక్కన ఇంకా ఉన్నాయి. లెన్సాని చూసి రోలాండ్ ఆగలేదు, క్యాను ఖాళీ అయ్యేదాకా పట్టుకుని, బోర్లించి, అప్పుడు మాట్లాడాడు. రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి తగ్గాక వాళ్ళ నాన్నకి వాసన పోయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు. మార్చి పాకానికి భయం లేదు, అదెప్పుడూ బాగానే వస్తుంది. ఏప్రిల్‌లో మొగ్గ తొడిగాక కూడా ఆయన కాస్తూనే ఉంటాడు. వీళ్ళు బాగుందంటారు. పొద్దున్నే ఆయన లేవకముందు పారబోసి, క్యాన్లలో కిందటి నెల పాకం నింపి పెడతారు.

"మా తాతకి, అంటే ఈయన నాన్నకి, ఇలాగే అయింది. చూపు ఆనడం లేదు, ఇక షెడ్డుకి రావద్దు అన్నారు. సరే అని ఇంట్లో కూచున్నాడు. ఆ చలికాలం దాటలేదు." రోలాండ్ మూత గట్టిగా బిగించాడు. "నువ్వు ఇవాళ వెళ్ళిపోతావు. నాకోసం ఈ ఒక్క పూట ఊరుకో తల్లీ."

లెన్సా సరేనంది. అనేసిందే గాని, ఇంటికి నడుస్తుంటే ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు. రోలాండ్ మీద కోపం తెచ్చుకోవడానికి లేదు, అతని కళ్ళు చూసింది. కానీ నిన్న ఆ ముసలాయన పొద్దున్నుంచీ చీకటిపడేదాకా నిలబడే ఉన్నాడు. మధ్యాహ్నం అన్నం కూడా నిలబడే తిన్నాడు. ఆ కట్టెలు ఆయన చీల్చినవే. అంతా ఒంపేశారు. తన తల్లి దంచి కాచిన కాఫీని అందరూ బాగుందని మెచ్చుకుని, ఆమె వెనక్కి తిరగ్గానే పెరట్లో పారబోస్తే? జాలిపడి అలా చేశారని ఆమెకి తెలిస్తే? ఫొటో తియ్యడం మర్చిపోయిన సంగతి గుమ్మం ఎక్కాక గాని గుర్తు రాలేదు.

*

పది గంటలకి ఆర్మాండ్ మళ్ళీ పొయ్యి రాజేశాడు. డీలియా సామాన్లు సర్దుతోంది, పదకొండున్నరకి బయల్దేరాలి. లెన్సా వీడ్కోలు చెప్పడానికి షెడ్డుకి వెళ్ళింది. ఆయన ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు తోలు చేతొడుగులు అందించాడు. ఆమె కట్టెలు వేసింది. ఆవిరి ఎత్తుగా లేచింది. ఇప్పుడు తెలిసి చూస్తోంది కాబట్టి షెడ్డంతా ఆ ముక్కిపోయిన వాసనే. ఎలా తెలియకుండా ఉంటుంది ఎవరికైనా అనిపించింది.

"అమ్మాయ్, నిన్న నేను పెట్టింది ఎలా ఉంది?" అన్నాడు ఆర్మాండ్, పెనం మీంచి కళ్ళెత్తకుండా.

"బాగుందని చెప్పాను కదండీ."

"చెప్పావు. మళ్ళీ అడుగుతున్నాను. ఇక్కడి పిల్లలకి అన్నీ అద్భుతమే. మంచినీళ్ళిచ్చినా అద్భుతమే అంటారు. నువ్వు నవ్వవలసినప్పుడే నవ్వుతున్నావు. అందుకని అడుగుతున్నాను."

లెన్సా పొయ్యి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. రోలాండ్‌కి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. చెబితే ఈయన ఈ తెడ్డు ఇక్కడే పెట్టేసి ఇంట్లోకి వెళ్ళి కూచుంటాడు. ఆ చలికాలం దాటడు. అదంతా తన వల్ల, రెండు రోజులు చూడ్డానికి వచ్చిన ఒక పరాయి పిల్ల వల్ల. చెప్పకపోతే సాయంత్రం దాకా నిలబడి ఇంకో క్యాను నింపుతాడు. కాళ్ళు వణుకుతున్నాయి ఆయనకి. పక్కనున్న గుంజ పట్టుకుని నిలబడుతున్నాడని ఆమె నిన్ననే చూసింది.

"బాగాలేదండి," అంది. అన్నాక ఇక ఆగలేదు. "మా వైపు వానల్లో గోనె తడిసి, లోపల కాఫీ గింజలు ముక్కిపోతాయి. అవి వేయిస్తే ఒక వాసనొస్తుంది, అదే ఇది. ముందు తీపి తెలుస్తుంది, మింగాక అది తెలుస్తుంది. నిన్నా అంతే, ఇవాళ ఆవిరిలోనూ అదే. నిన్న మీతో అబద్ధం చెప్పాను. రాత్రి నా కాఫీ కూడా... అది మాడిపోయిందండీ."

"మాడిందా?"

"బొగ్గయిపోయింది."

ఆర్మాండ్ చేతిలో తెడ్డు ఆగిపోయింది. నురగ లేస్తోంది. ఆయన చూడకుండానే పుల్ల తీసుకుని, వెన్న అంటించి, నురగకి తాకించాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది. నవ్వుతున్నాడు.

"బొగ్గుని పట్టుకుని కమ్మగా ఉందన్నానన్నమాట," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "వంటింట్లో నవ్వు ఆగిపోయింది. అప్పుడే అనుకున్నాను, ఏదో తప్పు మాట అన్నానని."

ఆయన మళ్ళీ తెడ్డు ముంచాడు. చేతులు పని చేస్తుండగానే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పశువుల కొట్టం వెనక మంచు గోధుమరంగుగా ఉంటోందని, అక్కడికి జింకలు వచ్చి నాకుతున్నాయని, వాటి అడుగులు రోజూ చూస్తున్నానని చెప్పాడు. పోయింది ముక్కే గాని కళ్ళు బాగానే ఉన్నాయని అన్నాడు.

"తెలిసి కూడా ఎందుకు కాస్తున్నారు?" అంది లెన్సా.

"నా ముక్కు పోయిందని నాకు తెలుసు. పాకం ఏ రోజు పోయిందో నాకెలా తెలుస్తుంది? ఎవరో ఒకరు చెప్పాలి. నా కొడుకుని అడిగితే నా మొహం మీద అబద్ధం చెప్పాలి వాడు. ఇంట్లో అందరూ చెప్పాలి. వాళ్ళ చేత ఆ పని చేయించడం దేనికని బయటివాళ్ళని పిలిపించుకున్నాను." తెడ్డు అంచు మీద వేలాడుతున్న పాకం వంక చూశాడు. "ఇంట్లోవాళ్ళే చెప్తారేమోనని కూడా చూశాను. రెండేళ్ళు చూశాను."

షెడ్డు తలుపు తోసి, బయటికి తల పెట్టి, రోలాండ్ అని ఒక్క కేక వేశాడు. లెన్సా కట్టెల వైపుకి జరిగి నిలబడింది. రోలాండ్ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, ముందు ఆమె వంక చూశాడు. ఆమె తల దించుకోలేదు, దించుకోవాలనే అనిపించింది గాని దించుకోలేదు. ఆర్మాండ్ చెంచా పాకంలో ముంచి కొడుక్కి ఇచ్చాడు. రోలాండ్ ఊదాడు. నోట్లో పెట్టుకున్నాడు. తండ్రి వంక చూస్తూ అలాగే నిలబడ్డాడు. అంత పెద్ద మనిషి గడ్డం చిన్నగా అదరడం లెన్సా చూసింది.

"పోయింది నాన్నా."

"ఎప్పట్నించి?"

"బుధవారం నించి."

"కిందటేడు?"

"చివరి ఎనిమిది రోజులు."

"ఎనిమిది రోజులు," అన్నాడు ఆర్మాండ్. "ఆ కట్టెలన్నీ నేను చీలుస్తుంటే చూస్తూ ఊరుకున్నావు."

"ఊరుకున్నాను. చెబితే నువ్వు మానేస్తావని భయమేసింది. తాతలాగా అవుతావని భయమేసింది."

"మానేసేవాణ్ణో, మానేసేవాణ్ణి కాదో. ఆ సంగతి తేల్చుకోవాల్సింది నేను కదరా."

రోలాండ్ చెంచా ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే తిప్పుతూ నిలబడ్డాడు. ఆర్మాండ్ తెడ్డు పెనం అంచుకి ఆనించి, మూలనున్న తన స్టూలు ఎత్తుకున్నాడు. తలుపు వైపే నడుస్తాడని లెన్సా అనుకుంది, రోలాండ్ కూడా అదే అనుకున్నట్టు ఒక అడుగు ముందుకేశాడు. ముసలాయన స్టూలు మోసుకుంటూ పెనం పొడవునా నడిచి, అవతలి చివర పొయ్యి తలుపు ఎదురుగా వేసుకుని కూచున్నాడు. లెన్సా వైపు చెయ్యి చాపి, చేతొడుగులు ఇమ్మన్నాడు.

"వాసన నువ్వు చూడు. మంట నేను చూస్తాను," అన్నాడు కొడుకుతో. "ఇక ఈ ఏటికి చాలు, పెనంలోకి మామూలు నీళ్ళు వదులు. నెమ్మదిగా, మంట ఆరేదాకా పెనం ఎండకూడదు, అడుగంటుతుంది. ఆ చివర నా చోట నిలబడు."

రోలాండ్ ఆ చివర నిలబడ్డాడు. పుట్టినప్పటి నుంచీ ఆ షెడ్డులోనే పెరిగిన మనిషి, ఆ చోట ఎప్పుడూ నిలబడలేదు. తెడ్డు తీసుకున్నాడు గాని ఏ చేత్తో పట్టుకోవాలో తేలలేదు. పొయ్యి దగ్గర్నుంచి ఆర్మాండ్ అదేం పట్టుకోవడంరా, గొడ్డలి కాదది అన్నాడు. నురగ చూసుకో అన్నాడు. నీళ్ళు ఎక్కువ వదిలావన్నాడు, తర్వాత తక్కువ వదిలావన్నాడు.

పదకొండున్నర దాటాక డీలియా లెన్సాని వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. తండ్రి నిలబడ్డ చోటు చూసింది, తాత కూచున్న చోటు చూసింది. ఏమైందని కళ్ళతోనే అడిగింది. తర్వాత చెప్తానని లెన్సా సైగ చేసింది. క్లాసులు సోమవారం పొద్దున గాని లేవు కదా అనుకుని డీలియా కూడా గోడకానుకుని నిలబడింది. పెనం చల్లారేదాకా ఆర్మాండ్ తిడుతూనే ఉన్నాడు. రోలాండ్ ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు.